చావింటి కాఫీ

ఉదయం తొమ్మిదింటికి ఆ గదిలో రాత్రి చేశారు.

అలెగ్జాండ్రియాలో, బహరీ పేటలో, పడవల మరమ్మతు యార్డుల వెనక వీధిలో ఉంది ఆ ఇల్లు. మూడో అంతస్తు. ఎత్తైన కప్పు, పెచ్చులూడిన గోడలు, సముద్రం వైపు మూడు కిటికీలు. మూడింటికీ నల్లగుడ్డ రెండు పొరలు వేసి, అంచులు టేపుతో అతికించి, తలుపుకు అడ్డంగా కంబళి వేలాడదీశారు. వీధిలో చేపల బండివాడు అరుస్తున్నాడు. గదిలో మాత్రం అర్ధరాత్రి.

నిజం రాత్రిళ్లు తీయాలంటే పెద్ద దీపాలు కావాలి, తెల్లార్లూ మేలుకునే మనుషులు కావాలి. నౌరస్ ఫిల్మ్స్‌లో ఉన్నది తొమ్మిది మంది. పదేళ్లలో వాళ్లు తీసిన ఆరు టీవీ సినిమాల్లో చూసేవాళ్లకు కనబడిన ప్రతి రాత్రీ పట్టపగలు తీసిందే.

రావియా మొదటి నుంచీ ఆ కంపెనీలో కంటిన్యూటీ చూస్తోంది. ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మధ్య ఏదీ మారకుండా కాపలా కాయడం ఆమె పని. కొవ్వొత్తి ఎంత కరిగింది, తలగుడ్డ ముడి ఏ పక్కన ఉంది, గ్లాసులో నీళ్లు ఎంత వరకు ఉన్నాయి, అన్నీ టైముతో సహా కాగితం మీద పెడుతుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. అమ్మా నాన్నా పోయిన దగ్గర్నుంచి తమ్ముడు షాహిర్‌ని తనే పెంచింది. వాడికిప్పుడు ఇరవై నాలుగు. సరుకు ఓడలో చిన్న ఆఫీసరు. రుమేనియా నుంచి గోధుమలతో వస్తున్నాడు, ఎల్లుండికి ఇంట్లో ఉండాలి. లోకంలో ఆమెకు తనవాడంటూ ఉన్నది వాడొక్కడే.

తీస్తున్న సినిమా కూడా ఓడ మీద వెళ్లి తిరిగిరాని ఒక కొడుకు గురించే. కొడుకు ముఖం కథలో ఎక్కడా కనబడదు, గోడ మీది ఫోటోలో తప్ప. ఆ రోజు రెండు సీన్లు పెట్టుకున్నారు. ముందు నలభై ఒకటో సీను, చావింట్లో తల్లి. ఆఖరున ఆరో సీను, కొడుకు ఓడెక్కడానికి ఇల్లు దాటడం. వరస తప్పి తీయడం ఆ పనిలో మామూలే. ఎవరూ దాని గురించి ఆలోచించరు.

తొమ్మిదింబావుకి ఫిక్రీ తల గోక్కుంటూ వచ్చాడు. అరవై దాటినవాడు. సెట్టుకు కావలసిన సామాను చూస్తాడు, కాఫీ కాస్తాడు, క్లాప్ కూడా ఆయనే కొడతాడు.

"ఫోటో తేమకు అద్దానికి అంటుకుపోయిందమ్మా. ముక్కుంది, నోరు లేదు."

"ఎవరి ఫోటో అయినా ఫరవాలేదు బాబాయ్, ఓడ యూనిఫారం ఉంటే చాలు," అన్నాడు డైరెక్టర్ తమీమ్. కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఇప్పటికీ మిగిలినవాడు అతనొక్కడే. రావియాతో కలిసి చదువుకున్నాడు.

రావియా ఇల్లు రెండు వీధుల అవతల. పావుగంటలో షాహిర్ ఫోటో చేతిలో పట్టుకుని వచ్చింది. ఫిక్రీ దాన్ని అందుకోలేదు.

"బతికున్న బిడ్డమ్మా. నల్ల రిబ్బను కట్టాలి దీనికి."

"మా అత్తగారి ఫోటోకి రిబ్బను కట్టి మూడు సినిమాల్లో చంపాం," అన్నాడు తమీమ్. "మొన్న శుక్రవారం కిలో చేప ఒక్కతే తింది. యముడే దణ్ణం పెట్టి పోయాడు."

అందరూ నవ్వారు. రావియా కూడా నవ్వింది. ఫిక్రీ నవ్వలేదు.

"మీ అత్తగారికి ప్రతిసారీ నేను ముందు ఒక షాట్ తీయించాను. అదే గోడ మీద, అదే కెమెరాతో, క్లాప్ కొట్టి, రిబ్బను లేని ఉత్త ఫోటో. తర్వాత చెరిపేసినా సరే. మనిషి ఉన్నాడు అని ఒక షాట్ ఉండాలి. మా గురువు నేర్పిన పద్ధతి."

"ఆరో సీన్లో ఉన్నది ఉత్త ఫోటోయేగా? అదే నీ షాట్ అనుకో. ఇప్పటికే ఆలస్యమైంది."

"పొద్దు కుంకే లోపల అయిపోవాలి మరి."

"నేను చూసుకుంటాను బాబాయ్," అంది రావియా. కాగితం మీద రాసుకుంది కూడా: సీను 6, ఉత్త ఫోటో, ఈ రోజే. కింద రెండు గీతలు గీసింది. రిబ్బను టేకుల మధ్య జారకుండా గట్టిగా జిగురు పెట్టమని కూడా తనే చెప్పింది. ఫ్రేము ఎడమ మూల నుంచి ఏటవాలుగా నల్ల రిబ్బను పడింది. కింద షాహిర్ నవ్వుతూ ఉన్నాడు.

ఆ ఊళ్లో చావింటి కాఫీకి చక్కెర వేయరు. తల్లి వేషం వేసిన బహీగా పాతకాలపు రంగస్థలం మనిషి. నల్లబట్టల్లో నేల మీద కూర్చుంది. చుట్టూ పేటలోంచి పిలిచిన ఆరుగురు ఆడవాళ్లు, వాళ్ల ముందు ఆరు కప్పులు. ఫోటో కింద కొడుకు కూర్చునే పేము కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ ముందు చిన్న బల్ల, దాని మీద ఏడో కప్పు. చనిపోయిన కొడుకుకూ తల్లి ఒక కప్పు పెడుతుంది, అదే ఆ సీను. సౌండ్ చూసే గిర్గిస్ రోజూలాగే అందరి ఫోన్లూ బుట్టలో వేయించుకుని వసారాలో పెట్టి వచ్చాడు. రావియా రాసింది: ఏడో కప్పు, బంగారు గీత దాకా. 10:05.

మొదటి టేక్ బాగానే వచ్చింది. దీపం పొగ బహీగా కంట్లో పడి రెండోది తీద్దామన్నారు. కప్పులు చూసుకుంటూ వచ్చిన రావియా ఏడోదాని దగ్గర ఆగింది. గీత కంటే వేలి మందం కిందికి ఉంది.

"ఎవరయ్యా చావింటి కాఫీ తాగింది?"

"నాకు షుగరే కానీ, చక్కెర లేని కాఫీ నేనూ తాగలేను," అన్నాడు గిర్గిస్.

"బాబాయ్, నువ్వేనా?"

"నేను కాచిన కాఫీ నేనే తాగుతానా? నాకేం పిచ్చా?" అన్నాడు ఫిక్రీ.

నవ్వులు. ఫిక్రీ కప్పు నింపాడు. రెండో టేక్, 10:30. మధ్యలో గిర్గిస్ చెయ్యెత్తాడు. చెవులకున్న హెడ్‌ఫోన్స్ ఒక వైపు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నీళ్లు కారుతున్నాయి. ఎక్కడో కుళాయి."

ఇల్లంతా వెదికారు. మూడో అంతస్తుకి పొద్దున్నుంచీ నీళ్లే ఎక్కలేదు. గిర్గిస్ మైకు పట్టుకుని గది నాలుగు మూలలా తిప్పాడు. ఫోటో దగ్గరకు రాగానే ఆగాడు. మైకు ఉన్న కర్రను పక్కకు జరిపి తన చోటికి వెళ్లి కూర్చున్నాడు.

కప్పు సగం ఉంది.

ఈసారి రావియా ఎవరినీ అడగలేదు. తల్లి కప్పు పెట్టాక సీను చివరి దాకా ఆ బల్ల వైపు ఎవరూ నడవలేదని ఆమె కాగితమే చెబుతోంది.

"ఈ అబ్బాయి పేరేమిటమ్మా?" బహీగా ఫోటో వైపు చూస్తూ అడిగింది.

"హసన్ అండీ. స్క్రిప్టులో..."

"స్క్రిప్టు సంగతి కాదు. ఈ నవ్వేవాడి పేరు. కాగితం ముక్కను చూసి ఏడవడం నాకు చేతకాదు తల్లీ. యాభై ఏళ్లయినా రాలేదు ఆ విద్య."

రావియా చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

మూడో టేక్, 11:05. బహీగా నిండు కప్పు బల్ల మీద పెట్టింది. తల ఎత్తి ఫోటోను చూసింది. ఆమె గొంతు మొదట మామూలుగానే ఉంది. తర్వాత ఎక్కడో తెగింది. "షాహిర్... ఒరేయ్ షాహిర్... చల్లారిపోతోందిరా, లేచి రా నాన్నా..." అని మొదలుపెట్టింది. స్క్రిప్టులో ఆ మాటలు లేవు. ఆరుగురు ఆడవాళ్లూ అందుకున్నారు. షాహిర్, షాహిర్ అంటూ గుండెలు బాదుకుంటున్నారు. తమ్ముడి పేరు ఆ చీకట్లో ఆరేడు గొంతుల్లోంచి వినిపిస్తుంటే రావియా చేతిలో పెన్ను ఆగిపోయింది.

తమీమ్ కట్ అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇది చెల్లదు," అంది రావియా. "పేరు తప్పు. మిగతా సీన్లన్నిటిలో హసన్. కంటిన్యూటీ పోతుంది."

"మిగతా సీన్లలో పేరు రెండుచోట్లే వినపడుతుంది. డబ్బింగ్‌లో మార్చేస్తాం. ఇక నుంచి వాడి పేరు షాహిర్."

"తమీమ్, వాడు నా తమ్ముడు."

"తెలుసే. ఎల్లుండి వస్తాడు, ఈ టేక్ చూపిస్తాం, పొట్ట పట్టుకుని నవ్వుతాడు."

"అయితే ఫోటో మార్చండి."

తమీమ్ ఆమె వంక వింతగా చూశాడు. "మూడు టేకుల్లో ఉన్న ఫోటో మార్చమంటావా? నువ్వు? పోయినేడాది బొత్తాం మారిందని సీనంతా మళ్లీ తీయించిన మనిషివి!"

అతను మాట్లాడుతున్నవన్నీ రావియా నేర్పిన మాటలే.

కప్పులో అడుగున మడ్డి మాత్రమే ఉంది.

భోజనాల వేళ ఫోన్ తీసుకుని వసారాలో నిలబడింది. షాహిర్ ఫోన్ మోగలేదు. గాలి అప్పటికే ముదిరింది. ఏటా నవంబరులో సముద్రాన్ని ఊడ్చిపెట్టే తుఫానుకు ఆ ఊరివాళ్లు చీపురని పేరు పెట్టుకున్నారు. రేవు మూసేశారట, ఓడలన్నీ బయటే లంగరు వేసుకున్నాయట అని ఫిక్రీ కిందనుంచి కబురు తెచ్చాడు. బీన్స్ కూర, రొట్టె అందరికీ పంచాడు. రావియా పొట్లం విప్పలేదు.

"బాబాయ్, ఆరో సీను ముందు తీయిద్దామా?"

"అడిగానమ్మా. పగటి వెలుగు కావాలి కదా దానికి. గుడ్డలు విప్పితే మళ్లీ కట్టడానికి గంటన్నర అంటున్నాడు తమీమ్. ఇది అయ్యాక తప్పకుండా..."

మధ్యాహ్నం రెండింటికి మళ్లీ రాత్రిలోకి వెళ్లారు. గదిలో వాసన మారింది. పొద్దున కాఫీ, దీపం నూనె, పాత సున్నం వాసన. ఇప్పుడు నాచు వాసన, తడి తాళ్ల వాసన. కిటికీలు మూసే ఉన్నాయి. మిగతావాళ్లు గాలి తిరిగిందన్నారు.

ఫిక్రీ ఏడో కప్పు నింపాడు. రావియా వంటింట్లోకి వెళ్లి తన పెట్టెలోంచి చక్కెర పొట్లం తెచ్చింది. ఎవరూ చూడకుండా వంగి మూడు చెంచాలు వేసింది. షాహిర్ తాగేది అలాగే. తియ్యగా లేకపోతే ముట్టడు. తాగడం అయ్యాక కప్పు సాసరు మీద బోర్లిస్తాడు, అక్క మళ్లీ పోయకుండా. చావింటి కాఫీలో చక్కెర పడితే అది చావింటి కాఫీ కాదు. ఇంట్లో మామూలు కాఫీ. అంతకంటే ఏం చేయాలో ఆమెకు తోచలేదు. అలవాటుగా కాగితం మీద రాసింది: చక్కెర, 3. 2:10.

నాలుగో టేక్, 2:20. ఫిక్రీ క్లాప్ కొట్టి చీకట్లోకి తప్పుకున్నాడు.

రావియా కప్పును తప్ప దేన్నీ చూడలేదు. దీపం వెలుగు కాఫీ మీద సన్నటి గీతలా నిలిచింది. బహీగా ఏడుపు మొదలైంది. గాలి గుడ్డల వెనక కిటికీలను తడుతోంది. ఒకటి. రెండు. మూడు...

గీత కదిలింది.

కప్పు కదల్లేదు. కాఫీ దిగుతోంది. తీరిగ్గా, గుక్క గుక్కగా. ఒక గుక్క... ఆగింది. మళ్లీ ఒక గుక్క.

పేము కుర్చీ కిర్రుమంది.

అరవాలనుకుంది. టేక్ నడుస్తుండగా నోరెత్తకూడదు. కట్ అనే హక్కు డైరెక్టర్‌ది. పదేళ్లుగా ఎవరైనా దగ్గితేనే ఆమె ఉరిమి చూస్తుంది. ఎదురుగా గిర్గిస్ హెడ్‌ఫోన్స్ రెండు చేతులా అదుముకుని కూర్చున్నాడు. బహీగా ఏడుస్తూనే ఉంది. కానీ ఆమె కళ్లు ఫోటో మీద లేవు. కుర్చీ మీదకు దిగాయి. మనిషి ముఖం ఉండే ఎత్తులో ఆగాయి.

"వచ్చావా..." అంది బహీగా, గుసగుసగా.

అప్పుడే నడిమి కిటికీ పగిలింది.

నల్లగుడ్డ టేపుతో సహా ఊడి వచ్చింది. పగటి వెలుగు గదిలోకి ఒక్కసారిగా పడింది. వాన, గాజుముక్కలు, ఆడవాళ్ల కేకలు. కెమెరా మీద ఎవరో కోటు కప్పారు. రావియా బల్ల దగ్గరకు వెళ్లింది. కుర్చీ పేము తడిసి నల్లగా ఉంది. వాన అంత దూరం రాలేదు. ఫోటో అద్దం లోపలి వైపు నుంచి ఆవిరి పట్టింది, షాహిర్ నవ్వు దాని వెనక మసకగా ఉంది.

కప్పు సాసరు మీద బోర్లించి ఉంది.

"సర్దేయండి," అన్నాడు తమీమ్. "మూడో టేక్ ఉంది, చాలు. ఆరో సీను వద్దులే. కొడుకు వెళ్లడం చూపించక్కర్లేదు. చూపించకపోతేనే బావుంటుంది."

"తమీమ్, ఒక్క షాట్. ఉత్త ఫోటో. నిమిషం పని."

"కెమెరాలో నీళ్లు పడ్డాయి రావియా."

"నీ కాళ్లు పట్టుకుంటాను."

ఆమెను అలా ఎన్నడూ చూడని తమీమ్ కంగారుపడ్డాడు. కెమెరా ఆన్ చేయించి చూశాడు. తెర వెలగలేదు. ఫిక్రీ తడిసిన క్లాప్ చంకలో పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ షాట్ తీద్దామని రావియా తన ఫోన్ ఎత్తబోతే మెల్లిగా తల అడ్డంగా ఊపాడు.

"దాంతో లెక్కకు రాదమ్మా," అన్నాడు. "నేనే ఒప్పుకోకుండా ఉండాల్సింది."

రావియా ఫోటో ఇంటికి తెచ్చుకుంది. వేడినీళ్లు పెట్టి, కత్తితో గీకి చూసింది. రిబ్బను ఊడింది. జిగురు కింద అద్దం మీద నల్లటి పట్టీ అలాగే ఉండిపోయింది, ఏటవాలుగా. రేవు ఆఫీసుకు పది సార్లు ఫోన్ చేసింది. బయట పదకొండు ఓడలున్నాయి, రెండింటితో మాట్లాడలేకపోతున్నాం, గాలి తగ్గాక చెబుతాం అన్నారు. ఏ రెండు అని అడిగితే పేర్లు చెప్పే అనుమతి లేదన్నారు.

ఐదింటికి పొద్దు కుంకింది. ఆరింటికి తమీమ్ ఫోన్ చేశాడు.

"మూడో టేక్ పనికిరాదు. మొదటి నుంచి చివరిదాకా నీళ్ల చప్పుడు. గిర్గిస్ రానంటున్నాడు, ఇంకొకణ్ని చూశాను. కెమెరా అద్దెకు దొరికింది. రేపు తొమ్మిదింటికి నలభై ఒకటి మళ్లీ. ఇల్లు పదిన్నర దాకే ఇస్తారట, ఇంకేమీ కుదరదు. ఫోటో తీసుకురా. రిబ్బనుతో."

ఆమె ఫోన్ పెట్టేసింది. వెళ్లను అనుకుంది. నేను లేకపోతే, ఫోటో లేకపోతే, ఆ సీను లేదు.

ఆరూ పదికి ఫోన్ మళ్లీ వెలిగింది. షాహిర్ నుంచి మాట రికార్డు చేసి పంపిన మెసేజ్. గాలికి దారిలో ఎక్కడో చిక్కుకుని ఇప్పటికి చేరినట్టుంది. ఆమె నేల మీదే కూర్చుండిపోయింది. ఏడుస్తూ, నవ్వుతూ వేలు నొక్కింది.

"అక్కా, నేనే. లంగరు వేశాం. ఇది ఎప్పుడు చేరుతుందో ఏమో. పొద్దున్నుంచీ నోరు ఒకటే చేదే. మూడుసార్లు. ఇదేం కర్మరా అనుకున్నా. ఇప్పుడు బావుంది... మూడు చెంచాలూ వేశావు కదూ?" చిన్న నవ్వు. తర్వాత గొంతు తగ్గింది. "ఇక్కడింత చీకటేమిటే? పగలే కదా ఇది. వీధిలో చేపలవాడు అరుస్తున్నాడు..."

అలవాటుగా ఆమె కళ్లు టైము మీదకు వెళ్లాయి. పంపింది పొద్దున 11:20. కాగితం తీసి చూసింది. చక్కెర, 2:10.

మెసేజ్ ఇంకా అయిపోలేదు. షాహిర్ మాట్లాడటం మానేశాడు. అలలు లేవు, ఇంజను లేదు. గదిలో ఉండే నిశ్శబ్దం. ఎవరో గొంతు సవరించుకున్నారు. దూరంగా, స్పష్టంగా, ఫిక్రీ గొంతు.

"సీను నలభై ఒకటి. ఐదో టేక్."

క్లాప్.

నాలుగు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత పేము కుర్చీ కిర్రుమంది. మెసేజ్ అక్కడితో ఆగింది. ఐదో టేక్ ఇంకా ఎవరూ తీయలేదు, అది రేపటిది.

రావియా మళ్లీ విన్నది. మళ్లీ విన్నది. ఇరవై సార్లు విన్నది. ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మధ్య వెంట్రుకవాసి తేడా పట్టే మనిషి... ఆ కిర్రు కుర్చీలో ఎవరో కూర్చున్నప్పటిదో, కుర్చీలోంచి ఎవరో లేచినప్పటిదో చెప్పలేకపోయింది.

వాడు వచ్చేది అక్కడికే అయితే కాఫీ చేదుగా ఉండకూడదు. లేచి వంటింట్లోకి వెళ్లింది. చక్కెర డబ్బా తీసి, ఫోటో పక్కన సంచిలో పెట్టుకుంది. తొమ్మిదింటికి అక్కడ ఉండాలి.